కత్తి తగలకూడని నెలలు

చీరల అంగడిలో అమ్మకం నోటితో జరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చేతులు ఎత్తే పని. వెనక గోడకు పైకప్పు దాకా అరలుంటాయి. కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు తెల్లదుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటారు. మేము నిలబడి, వాళ్ళు వేలు చూపిన చీరను పై అరలోంచి లాగి, ఒక్క విదిలింపుతో మడతలు విప్పి వాళ్ళ ముందు పరవాలి. కొంగు ఎలా పడుతుందో తెలియాలంటే దాన్ని మా భుజం మీదే వేసుకుని, చెయ్యి చాచి చూపించాలి. కూర్చున్న మనిషి ముఖమూ, ముందుకు వంగిన మనిషి చంకా దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. ఆ సంగతి నేను పనిలో చేరిన చాలా కాలానికి గానీ ఆలోచించలేదు.

అనంతపురానికి నేను వచ్చింది తొంభైల చివర్లో. మాది కొత్తచెరువు దగ్గర పల్లె. వేరుశనగ మీద ఆశ పెట్టుకున్న ఇళ్ళన్నీ ఒక్కొక్కటిగా మగపిల్లల్ని టౌనుకు తోలిన కాలం అది. పదో తరగతితో నా బడి ఆగిపోయింది గానీ చదువు ఆగలేదు. అంగడి సెలవు రోజున జిల్లా గ్రంథాలయం తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేవాణ్ణి. పేపర్ల బల్ల దగ్గర కూర్చుని లేచిపోయేవాళ్ళు వేరు, లోపలి బీరువాల దాకా వెళ్ళేవాళ్ళు వేరు. నేను రెండో రకం. ఈ మాట ఇప్పటికీ కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను. నక్షత్రాలు, పాముకాట్లు, తేనెటీగల పెంపకం, ఎక్కడో జరిగిన యుద్ధాలు, ఏ పుస్తకం చేతికి వస్తే అది చదివాను. నా పక్క అరల దగ్గర పనిచేసే ముస్లిం ఆయన నాకంటే వయసులో పెద్ద, ఆయన్ని మేమంతా భాయ్ అని పిలిచేవాళ్ళం. ఆయనే నాకు 'లైబ్రరీ' అని పేరు పెట్టాడు. కోపంగా ఉన్నప్పుడు కూడా మా అంగడి యజమాని, సావుకారి, ఆ పేరుతోనే పిలిచేవాడు.

నేను చెప్పబోయేది రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు ఏళ్ళలో ఒక వేసవి సంగతి. పెళ్ళిళ్ళ కాలం. తాడిపత్రి నుంచి ఒక పెద్ద కుటుంబం పెళ్ళిబట్టలకు వచ్చింది. బండల పాలిష్ పని చేయించేవాళ్ళట. వాళ్ళలో పెద్దావిడ నా ఎదురుగా కూర్చుంది. నేను మూడో చీరో నాలుగో చీరో భుజం మీద వేసుకుని చెయ్యి చాచేసరికి ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. దుమ్ము అనుకున్నాను. ఇంకో చీర లాగాను. ఆమె వెనక్కి జరిగింది. తర్వాత నాతో ఏమీ అనకుండా, గల్లాపెట్టె వైపు తిరిగి సావుకారితో అంది.

"ఈయప్ప వద్దు, ఇంగొగర్ని పంపీండి."

సావుకారి చెడ్డ మనిషి కాదు. అందరి ముందూ అనలేదు. అంగడి మూసేటప్పుడు నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమప్పా, తప్పుగా అనుకోవద్దు. ఆడోళ్ళు కూచునే తావు ఇది. నువ్వు చెయ్యెత్తితే లేసిపోతాండారు. ఇదొగ తూరి కాదు." గల్లాపెట్టెకు తాళం వేశాడు. "శ్రావణం వచ్చేలోగా సరిచేసుకో. అప్పుటికీ ఇట్లే ఉంటే నా దగ్గర నీకు పని ల్యా."

శ్రావణం అంటే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్ళిళ్ళు, ఏడాది మొత్తానికి మాకు ఊపిరి ఆడని నెల. ఆ నెలలో కౌంటర్ దగ్గర, అంటే చీరలు చూపించే చోట, ఉండనివాడు మళ్ళీ ఎప్పుడూ ఉండడు. నా భార్యకు అప్పుడు ఐదో నెల. కాన్పు కోసమని అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. ఊళ్ళో నాయన ఒక్కడే ఉన్నాడు, ఎండిన చేనూ, రెండు ఎద్దులూ చూసుకుంటూ. పని పోతే తిరిగి అక్కడికే పోవాలి. అక్కడ నాయనకే పని లేదు.

ఇంటికి వెళ్ళి చొక్కా విప్పి వాసన చూసుకున్నాను. నా వాసన నాకు తెలియలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. నా భార్యను అడిగాను. ఆమె తల దించుకుని, ఈ నెలల్లో నాకు అన్నీ వాసనలే, అన్నం కూడా వాసనే అంది. అప్పుడు గుర్తొచ్చింది. చాలా రోజులుగా ఆమె గాలి కోసమని చెప్పి గడప దగ్గర పడుకుంటోంది.

మేముండేది వరుసగా కట్టిన రేకుల ఇళ్ళలో. అందరికీ కలిపి ఒక కొళాయి. అది ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చిన రోజు తెల్లవారుజామునే వస్తుంది. బిందెలు వరుసలో పెట్టుకుని, ఆ నీళ్ళు మళ్ళీ వచ్చేదాకా జాగ్రత్త చేసుకోవాలి. ట్యాంకర్ వస్తే కొట్లాట. కడుపుతో ఉన్న మనిషి కాబట్టి ఆమెకు స్నానానికి నీళ్ళు పెట్టి, నేను రెండు చెంబులతో సరిపెట్టుకునేవాణ్ణి. కొన్ని రోజులు తడిగుడ్డతోనే. అంగడి ఇచ్చిన నీలం టెరికాట్ చొక్కాలు రెండు. ఆ గుడ్డ గాలి లోపలికి రానివ్వదు, చెమట బయటికి పోనివ్వదు. వాటిని కూడా పిండడమే గానీ జాడించడం ఉండేది కాదు.

ఆ నెల రోజుల్లో నేను చేయని పని లేదు. చంకలో నిమ్మచెక్క రుద్దుకుంటే మధ్యాహ్నం దాకా మంట, తర్వాత మామూలే. పటిక రుద్దాను. ముఖానికి రాసుకునే పౌడర్ గుప్పెళ్ళతో చల్లుకుంటే చెమటకు ముద్దకట్టి చొక్కా మీద తెల్లటి చారలు దిగాయి. నా భార్య పాత ధోవతి గుడ్డ మడతలు పెట్టి చొక్కా లోపల చంకల దగ్గర కుట్టింది. అవి తడిసి బరువెక్కి రోజంతా నాకు తగులుతూ ఉండేవి. భాయ్ జాలిపడి తన అత్తరు సీసా ఇచ్చాడు. ఆ రోజు ఒక పిల్ల తల్లిని అడిగింది, ఇక్కడ ఊదొత్తులు చెమట వాసన వస్తాయేమని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

భోజనం వేళ గోడౌన్‌లో కూర్చున్నప్పుడు భాయ్ అన్నాడు.

"ఏమి లైబ్రరీ, అన్ని బుక్కులు సదివితివి. సంకల గురించి ఒగ బుక్కు ల్యాదా ఆడ?"

ఎగతాళిగానే అన్నాడు. కానీ నాకు ఆ మాట తోవ చూపింది. సెలవు రోజున గ్రంథాలయానికి వెళ్ళాను. గ్రంథపాలకుణ్ణి అడగడానికి సిగ్గేసింది. నేనే బీరువాల మధ్య వెతికి, ఇంటర్ పిల్లల జంతుశాస్త్రం పుస్తకంలో చర్మం గురించిన పాఠం పట్టుకున్నాను. తర్వాత ఒక ఆరోగ్య విజ్ఞాన పుస్తకం. అంత శ్రద్ధగా ఏ పుస్తకాన్నీ నేను చదివి ఉండను. ఒంట్లో చెమట గ్రంథులు రెండు రకాలట. నుదుటి మీద, వీపు మీద పుట్టే చెమట నీళ్ళలాంటిది. చంకల్లో దానితో పాటు ఇంకో రకం కూడా పుడుతుంది, కాస్త చిక్కగా. ఆ చెమటకు పుట్టినప్పుడు వాసన ఉండదు. చర్మం మీద బతికే సూక్ష్మజీవులు దాన్ని తిని వాసన పుట్టిస్తాయి. అక్కడి వెంట్రుకలు ఆ తడిని పట్టి ఉంచుతాయి, వాటికి మేత దొరికేలా. వెంట్రుకలు తీసేస్తే చెమట పుట్టడం ఆగదు గానీ, తడి నిలవదు, కడిగితే త్వరగా పోతుంది, వాసన తగ్గుతుంది. అంతే. నేను పుస్తకం మూసి, కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. మందు దొరికిన రోగిలా ఉంది నాకు.

వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. ఇది నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. ఊళ్ళో ఎండాకాలం క్షౌరం చేసే ఆయన ఇంటికి వచ్చేవాడు. గడ్డం అయిపోగానే నాయన చేతులు రెండూ తలమీద పెట్టుకుని కూర్చునేవాడు. ఆయన ఇత్తడి గిన్నెలో వేలు ముంచి, చంకలు తడిపి, కత్తితో రెండు గీతల్లో తీసేసేవాడు. నాయన లేచి చేతులు ఊపుకుంటూ, గాలాడతాండాది అనేవాడు. మా తాత కూడా అంతే. మగవాళ్ళంతా చేసేదే. మేము టౌనుకు వచ్చాక అది పల్లెటూరి అలవాటని వదిలేశాం. కటింగ్ షాపులో కుర్చీ ముందు పెద్ద అద్దం, చుట్టూ ఎదురుచూసే జనం. వాళ్ళ మధ్య చొక్కా విప్పి చేతులెత్తడం నాకు నామోషీ.

పుస్తకం చెప్పింది, నాయన చేసేది, రెండూ ఒకటేనని తెలిశాక నామోషీ పోయింది. కానీ అప్పటికి ఆలస్యమైంది. నా భార్యకు ఆరో నెల వచ్చేసింది.

మా వైపు ఇంట్లో ఆడమనిషికి ఐదో నెల దాటితే ఆమె భర్త ఒంటికి కత్తి తగలనివ్వరు. జుట్టు కత్తిరించకూడదు, గడ్డం గీయకూడదు. కాన్పు అయి పురుడు తీరేదాకా అంతే. కూలీ మనిషి నుంచి ఎమ్మెల్యే దాకా ఇది పాటిస్తారు. గడ్డం పెరిగిన మగవాణ్ణి చూస్తే, ఇంట్లో ఎన్నో నెల అని అడుగుతారు. సావుకారి కూడా తన పిల్లలు పుట్టేముందు అలా గడ్డాలు పెంచినవాడే, అందుకే నా గడ్డం గురించి ఒక్కమాట అనలేదు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి మాతోనే ఉంటోంది. అంతకు ముందు మాకు ఒక బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయింది. అందుకని అమ్మ ఈసారి గోళ్ళు తీసుకునే కత్తెర కూడా నా చేతికి అందకుండా దాచిపెట్టింది.

అమ్మకు చెప్పకుండా కటింగ్ షాపుకు వెళ్ళాను. అక్కడ పనిచేసే ఆయనది మా పక్క ఊరే. ఆయన చిన్నాయనే మా ఊళ్ళో ఇంటింటికీ వచ్చి క్షౌరం చేసేవాడు. నా గడ్డం చూసి అడిగాడు.

"ఇంట్లో ఎన్నో నెల?"

"ఆరు."

"మల్ల ఈడికి యాల వస్తివప్పా?"

గడ్డం వద్దు, తల వద్దు, చంకలొకటి గీసిపెట్టు చాలని బతిమాలాను. పని పోతుందని చెప్పాను. పుస్తకంలో ఉన్నది కూడా చెప్పాను, రెండు రకాల గ్రంథుల దగ్గర మొదలుపెట్టి. ఆయన దువ్వెన తుడుచుకుంటూ మొత్తం విన్నాడు.

"అన్నా, గడ్డానికొగ నీతి, సంకకొగ నీతి ఉంటాదా? రేపు ఏమన్నా అయితే మీయమ్మ నిన్నేమీ అనదు. పొయ్యి మా సిన్నాయన ఇంటి ముందర నిలబడి శాపనార్థాలు పెడ్తా మన్ను పోస్తాది. కాన్పు కానీ, ఊరికే గీస్తా."

కుర్చీలో ఉన్నాయన అద్దంలోంచి నన్ను చూసి, నిజమే గదప్పా అన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

ఇక అమ్మతోనే మాట్లాడాలి. ఆ సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాను. సావుకారి మాట చెప్పాను. కడుపులో బిడ్డకు, నా చంకకు, ఇనపముక్కకు మధ్య ఏ సంబంధమూ లేదని, బిడ్డ పెరిగేది ఎలాగో, దానికి రక్తం అందేది ఎలాగో చదివిందంతా చెప్పాను. బాగానే చెప్పానని నాకు అనిపించింది. అమ్మ చేటలో బియ్యం ఏరుతూనే ఉంది. అంతా అయ్యాక తల ఎత్తింది.

"పోయిన తూరి గూడా పుస్తకంలో ల్యాదనే చెప్తివి."

నా భార్య పొయ్యి దగ్గర ఉంది. ఆమె వెనక్కి తిరగలేదు. గరిటె కదలడం మాత్రం ఆగింది.

ఆ బిడ్డ పోయింది అప్పుడు నేను పద్ధతి కాదని గడ్డం గీసుకోవడం వల్ల కాదు. ఇది నాకు తెలుసు. అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా ఆ తర్వాత బడ్డీకొట్టులో బ్లేడు కొని, జేబులో పెట్టుకుని తిరిగిన రోజులున్నాయి. ఏ రోజూ దాని కాగితం విప్పలేకపోయాను. చదివిన మనిషిని, నా చెయ్యి నా మాట వినలేదు.

ఆషాఢం వచ్చింది. అంగడిలో గిరాకీ పలచబడింది. సావుకారి నన్ను కౌంటర్ వెనక్కి రానివ్వకుండా, మడతలు పెట్టే పని చెప్పాడు. కొత్తగా ఒక కుర్రవాణ్ణి పనిలో పెట్టుకున్నాడు. సన్నగా, తెల్లచొక్కాతో ఉండేవాడు. అతను నా అరల దగ్గర నిలబడి చీరలు ఎక్కడెక్కడ ఉన్నాయో నేర్చుకుంటూ ఉంటే, అడిగినవన్నీ నేనే చూపించాను.

ఒక మధ్యాహ్నం భాయ్‌కి అంతా చెప్పేశాను. కటింగ్ షాపు సంగతి, అమ్మ అన్న మాట. ఆయన నవ్వలేదు.

"మా ఇండ్లల్లో ఇది అడగాల్సిన మాటే కాదప్పా. మీసాలొచ్చినప్పటి నుంచి అలవాటు, తీసెయ్యల్ల, అంతే. మీకేమో కత్తి కుదర్దు." కొంచెం ఆలోచించాడు. "కత్తి గదా వద్దనేది? పొడి ఉండాది."

అనంతపురం పాత ఊళ్ళో అత్తరూ, సాంబ్రాణీ అమ్మే అంగడిలో దొరుకుతుందని చెప్పాడు. బూడిదరంగు పొడి. నీళ్ళతో కలిపి పూసి, కొంచెంసేపు ఉంచి కడిగేస్తే వెంట్రుకలు వాటంతట అవే రాలిపోతాయి. పొట్లం తెచ్చుకున్నాను. దాని మీద అచ్చువేసిన తెలుగు తప్పులతడకగా ఉన్నా మూడుసార్లు చదివాను. ఎక్కువసేపు ఉంచరాదు. నిండుగా నీళ్ళు పోసి కడగవలెను. అది క్షారం, సబ్బు కంటే ఘాటైనది, చర్మాన్ని కూడా తినగలదు అని నాకు వేరే పుస్తకాల వల్ల తెలుసు.

ఈసారి దొంగతనంగా చేయదలచుకోలేదు. పొట్లం తెచ్చి అమ్మ ముందు పెట్టాను. అమ్మ దాన్ని విప్పి చూసింది. వాసన చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. తనంతట తను తేల్చుకోలేక, వరుసలో చివరి ఇంటి అవ్వను పిలిపించింది. ఆ అవ్వ మా వరుసలో అందరి కాన్పులూ చూసిన మనిషి. నా చంకల గురించి ఇద్దరు ముసలివాళ్ళు నా ముందే చాలాసేపు మాట్లాడుకున్నారు. రాలేటప్పుడు రక్తం వస్తుందా అని అడిగారు. రాదన్నాను. తల మీద కూడా పూస్తారా అని అడిగారు. లేదన్నాను. చివరికి అవ్వే తేల్చింది.

"వద్దనేది కత్తిని. పొడికి యాడ పదునుండాది?"

అమ్మ నా భార్య వైపు చూసింది. ఆమె, నాకు భయం లేదత్తా అంది. అమ్మ పొట్లం నా చేతికిచ్చింది. ఆ రోజు నేను పడిన సంతోషం తలచుకుంటే నాకే వింతగా ఉంటుంది.

శ్రావణంలో మొదటి శుక్రవారం. కొళాయి వస్తుందని ముందురోజే వరుసంతా చెప్పుకున్నారు. అందుకే ఆ పొద్దు కోసం ఆగాను. ఇంకా వెలుతురు సరిగా రాకముందే బిందెలు వరుసలో చేరాయి. కొళాయి తిప్పేసరికి పూసుకుని సిద్ధంగా ఉంటే, మా వంతు నీళ్ళు రాగానే కడుక్కోవచ్చని లెక్క వేసుకున్నాను. స్నానం చేసే తడికె వెనక పొడి కలుపుకున్నాను. కుళ్ళిన గుడ్ల వాసన. రెండు చంకలకూ పట్టించి, చేతులు పైకెత్తి నిలబడ్డాను. బయట కొళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. అది బుస్సుమంది. మళ్ళీ బుస్సుమంది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆడవాళ్ళ గొంతులు లేచాయి. ఎక్కడో పైపు పగిలిందని ఒకరు, మోటారు కాలిందని ఒకరు.

అప్పటికే మంట మొదలైంది. అమ్మ ఇంట్లో వెతికింది. గిన్నెలు కడిగే తొట్టి అడుగున మురికి తప్ప ఏమీ లేదు. ఉన్నది ఒకటే ఇత్తడి బిందె, తాగే నీళ్ళు, అది కూడా సగం. నా భార్య ఆ బిందె ఎత్తుకుని తడికె దగ్గరికి వచ్చేసింది, ఎనిమిదో నెల కడుపుతో.

"దించు. అవి నువ్వు తాగేటివి," అన్నాను.

"ఒళ్ళు కాల్తాంటే నీళ్ళు దాసిపెట్టుకొని ఏం చేసుకోవల్ల? పోస్తా, ఒంగు."

మళ్ళీ నీళ్ళు ఎప్పుడు వస్తాయో తెలియదు. ఆమెకు అప్పటికే కాళ్ళు వాస్తున్నాయి, నీళ్ళు బాగా తాగమని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. నేను బిందె ఆమె చేతుల్లోంచి తీసుకుని కింద పెట్టాను. ఒక్క చెంబు ముంచుకున్నాను. అందులో సగం ఒక పక్కకు, సగం ఇంకో పక్కకు. వెంట్రుకలు ముద్దలుగా ఊడి కాళ్ళ మీద పడ్డాయి. మిగిలింది తడిగుడ్డతో తుడిచాను. నిండుగా నీళ్ళు పోసి కడగవలెను అన్న అక్షరాలు కళ్ళ ముందే ఉన్నాయి. చదివింది మరిచిపోలేదు. చదివినట్టు చేయడానికి నీళ్ళు లేవు.

ఆ రోజు మానేస్తే పని పోయినట్టే. చొక్కా తొడుక్కుని వెళ్ళాను.

అంగడి పొద్దుటి నుంచే కిటకిటలాడింది. జనం తట్టుకోలేక సావుకారి నన్ను కూడా కౌంటర్ వెనక్కి పంపాడు. చెమట పట్టిన కొద్దీ, చర్మంలో మిగిలిన పొడి మళ్ళీ తడిసి మంట పెట్టింది. మోచేతులు ఒంటికి అదిమిపెట్టుకుని, చీరలు పరుపు మీదే పరిచి చూపించాను. భాయ్ ఏమీ అడక్కుండా తన అరలు వదిలేసి వచ్చి, నా పై అరల్లోవి లాగి నా ముందు వేస్తూ పోయాడు. వాసన మాత్రం ఆగలేదు. కాలేజీ పిల్ల ఒకతి పక్కనున్న పిల్లతో, ఈడ గుడ్లు కూడా అమ్ముతారా ఏమే అంది. ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. నా ఒంటి వాసన పోగొట్టుకోవడానికి అంత చేసి, నేను అన్నిటికంటే ఎక్కువ కంపు కొట్టింది ఆ రోజే.

మధ్యాహ్నం ఒక పల్లె కుటుంబం వచ్చింది. వాళ్ళ ముసలమ్మకు పై వరుసలో ఉన్న ముదురాకుపచ్చ చీర నచ్చింది. భాయ్ అప్పుడు లేడు, నమాజుకు వెళ్ళాడు. గల్లా దగ్గర నుంచి సావుకారి, ఆ పైది తీయప్పా అన్నాడు. నేను చెయ్యి ఎత్తాను. అతుక్కున్న బట్ట విడివడినట్టు చంకలో ఏదో విడింది. చీర లాగాను గానీ చెయ్యి కిందికి దిగలేదు. నీలం చొక్కా మీద తడి మరక పరుచుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

ముసలమ్మ చీర వైపు చూడలేదు. "ఆయప్పకు సంకలో ఏమో అయినాది. రొంత సూడండప్పా," అని గట్టిగా అంది. అంగడంతా నా వైపు తిరిగింది.

సావుకారి నన్ను గోడౌన్‌లోకి తీసుకెళ్ళాడు. తనే బొత్తాలు విప్పాడు. చర్మం పొర లేచి ఎర్రగా, నీరు కారుతూ ఉంది.

"ఎవురు సెప్పినారప్పా నీకు ఇట్ల చేసుకోమని?"

మీరే శ్రావణం లోపల సరిచేసుకోమన్నారు అన్నాను. ఇంట్లో ఎనిమిదో నెల, కత్తి తగలకూడదు, అందుకే పొడి పూశాను, ఈ పొద్దు నీళ్ళు రాలేదు. ఇంత చిన్న మాటల్లో ఎప్పుడూ నేను ఏదీ చెప్పలేదు. ఆయన తన గడ్డం ఒకసారి నిమురుకున్నాడు. మా ఇళ్ళ పద్ధతి తెలియని మనిషి అయితే నన్ను పిచ్చివాడనేవాడు. ఈయనకు అంతా తెలుసు. తెలిసినా ఆయన మాత్రం ఏం చేస్తాడు? బయట అంగడి నిండా ఆడవాళ్ళున్నారు.

"ఇంటికి పో. మానినాక రా," అన్నాడు.

నేను వెనక తలుపులోంచి బయటపడేసరికి, తెల్లచొక్కా కుర్రవాడు నా అరల ముందు నిలబడి ఆ ముదురాకుపచ్చ చీరను భుజం మీద వేసుకుని, చెయ్యి చాచి ముసలమ్మకు చూపిస్తున్నాడు.

మానడానికి చాలా రోజులు పట్టింది. చేతులు దూరంగా పెట్టుకుని వెల్లకిలా పడుకునేవాణ్ణి. అమ్మ కొబ్బరినూనె దూదితో అద్దేది. ఆ మధ్యలో ఒకసారి అంగడికి వెళ్తే, కాన్పు కానీ, చూద్దాం అన్నాడు సావుకారి. నేను గడ్డంతోనే వెనక్కి వచ్చాను.

కాన్పు అయింది. ఆడపిల్ల. నెలలు నిండి పుట్టింది, ఏడ్చింది, పాలు తాగింది. అమ్మ వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెప్పింది, ఈ తూరి వాడి ఒంటికి కత్తి తగల్నీలేదని. నేను పక్కనే ఉండేవాణ్ణి. జవాబుగా చెప్పడానికి పుస్తకాల్లో చాలా ఉంది. బిడ్డను చూస్తూ ఊరుకున్నాను.

పురుడు తీరిన మర్నాడు కటింగ్ షాపుకు వెళ్ళాను. ఆయన మాట తప్పలేదు. తల, గడ్డం అయ్యాక, సంకలు గూడానా అన్నాడు. పెద్ద అద్దం ముందు, ఎదురుచూస్తున్న జనం మధ్య చొక్కా విప్పి, నాయన లాగే చేతులు తల మీద పెట్టుకున్నాను. కాలిన చోట కొత్త చర్మం నున్నగా, గులాబీరంగులో ఉంది. అక్కడక్కడా మాత్రమే వెంట్రుకలు మొలిచాయి. వాటి మీద కత్తి చల్లగా నడిచింది. పుస్తకం చెప్పింది నిజమే. ఆ తర్వాత ఎండలో నడిచినా, చొక్కా విప్పి చూసుకుంటే ఉప్పు వాసనే తప్ప ఇంకేమీ లేదు.

ఆ రోజే అంగడికి వెళ్ళాను, నున్నటి గడ్డంతో, ఉతికిన చొక్కాతో. సావుకారి బిడ్డ గురించి సంతోషంగా అడిగాడు. చంటిపిల్లకని ఒక మెత్తటి గుడ్డ చింపించి మడత పెట్టించి ఇచ్చాడు. పని మాట మాత్రం ఆయన ఎత్తలేదు. నేనే అడిగాను. ఇప్పుడు వాసన లేదని కూడా చెప్పాను. ఆయన నా ముఖం వైపు కాకుండా కౌంటర్ వైపు చూశాడు. ఆ కుర్రవాడు బాగా చేస్తున్నాడని, ఇప్పుడు తీసేయడం ధర్మం కాదని అన్నాడు. అది న్యాయమే. భాయ్ గడప దాకా వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

బిడ్డా బాలింతా ప్రయాణం చేయవచ్చునని ఆసుపత్రిలో చెప్పాక, రేకుల ఇల్లు ఖాళీ చేశాం. గ్రంథాలయంలో తీసుకున్న పుస్తకం చివరి రోజు వాపసు ఇచ్చి వచ్చాను. కొత్తచెరువు బస్సు కిక్కిరిసి ఉంది. అమ్మకూ, నా భార్యకూ సీటు దొరికింది. నేను వాళ్ళ పక్కన నిలబడి, రెండు చేతులతో పై కమ్మీ పట్టుకున్నాను. కూర్చున్నవాళ్ళ ముఖాలు నా చంకలకు అంత దగ్గర. ఎండ రేకు మీద కాస్తోంది, చెమట పక్కల వెంట కారుతోంది. ఎవరూ కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు.

నా భార్య బిడ్డను ఒళ్ళో సర్దుకుంటూ తల ఎత్తి చూసింది.

"ఇబ్బుడు వాసన ల్యా," అంది మెల్లగా.

నేను తలూపాను. కిటికీ అవతల విత్తనం పడని చేలు వెనక్కి పోతున్నాయి. కొత్తచెరువు దాకా అలాగే చేతులెత్తి నిలబడ్డాను.